సొంత గ్రౌండ్ ఉంటే సగం గెలిచినట్టేనా? ఎన్‌ఎఫ్‌ఎల్ ప్లేఆఫ్స్‌లో చిన్న జట్ల లెక్కే వేరు!

సీజన్‌లో 17 మ్యాచ్‌లు ఆడి 14 గెలిచారు. అయినా ప్లేఆఫ్స్‌లో సొంత గ్రౌండ్‌లో ఒక్క మ్యాచ్ కూడా దక్కలేదు. వేరే ఊరు వెళ్లి, తమకన్నా 4 మ్యాచ్‌లు తక్కువ గెలిచిన జట్టుతో ఆడాల్సి వచ్చింది. అక్కడ ఓడి ఇంటిదారి పట్టారు.

2024 సీజన్‌లో మిన్నెసోటా వైకింగ్స్ జట్టు కథ ఇది. అమెరికాలో అతి పెద్ద క్రీడా లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 14 విజయాలు సాధించి కూడా 'వైల్డ్ కార్డ్' దారిలో ప్లేఆఫ్స్‌కు వచ్చిన మొదటి జట్టు అదే. ఆ ఓటమితో ఓ పాత చర్చ మళ్లీ తెరపైకి వచ్చింది. ప్లేఆఫ్స్‌లో సొంత గడ్డ నిజంగా అంత గొప్ప బలమా? ఆ బలాన్ని ఎవరికి ఇవ్వాలి? అది లేని జట్టుకు కప్ కొట్టే అవకాశం ఎంత?

జనవరి వచ్చిందంటే అమెరికాలోని తెలుగు ఇళ్లలో సంక్రాంతి పిండివంటలతో పాటు ఈ మ్యాచ్‌ల గోల కూడా ఉంటుంది. ఇక్కడ అర్ధరాత్రి, తెల్లవారుజామున ఫోన్లలో హైలైట్స్ చూసేవాళ్లూ పెరుగుతున్నారు. అందుకే లెక్కను మొదటి నుంచి చూద్దాం.

అసలు రూల్ ఏంటి?

ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 32 జట్లు. ఏఎఫ్‌సీ, ఎన్‌ఎఫ్‌సీ అని రెండు కాన్ఫరెన్సులు. ఒక్కోదానిలో 16 జట్లు, నాలుగేసి జట్లతో 4 డివిజన్లు. 2020 సీజన్ నుంచి ఒక్కో కాన్ఫరెన్స్‌లో ఏడేసి జట్లు ప్లేఆఫ్స్‌కు వెళ్తున్నాయి. అంటే మొత్తం 14.

ఇక్కడే మెలిక ఉంది. నాలుగు డివిజన్ల విజేతలకు 1 నుంచి 4 వరకు ర్యాంకులు ఇస్తారు. వీటినే 'సీడ్' అంటారు. డివిజన్ గెలవని జట్లలో మెరుగైన మూడింటికి 5, 6, 7 సీడ్లు. వైల్డ్ కార్డ్ జట్లంటే ఇవే. పై సీడ్ ఉన్న జట్టు ఊళ్లోనే మ్యాచ్ జరుగుతుంది. తొలి రౌండ్‌లో 2వ సీడ్ 7తో, 3వ సీడ్ 6తో, 4వ సీడ్ 5తో ఆడతాయి. 1వ సీడ్‌కు ఆ వారం విశ్రాంతి. తర్వాతి రౌండ్‌లో మిగిలినవాటిలో అందరికన్నా కింది సీడ్ జట్టు 1వ సీడ్ ఇంటికి వెళ్లాలి.

చివరి మ్యాచ్ సూపర్ బౌల్ ఒక్కటే దీనికి మినహాయింపు. దాని వేదికను కొన్నేళ్ల ముందే ఖరారు చేస్తారు.

మన ఐపీఎల్‌తో పోల్చితే తేడా తెలుస్తుంది. ఐపీఎల్‌లో టాప్ 2 జట్లకు రెండో ఛాన్స్ ఉంటుంది. ప్లేఆఫ్ వేదికలను బోర్డు నిర్ణయిస్తుంది. టేబుల్ టాపర్ అయినంత మాత్రాన సొంత గ్రౌండ్ హక్కుగా రాదు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో రెండో ఛాన్స్ అన్న మాటే లేదు. ఓడితే ఇంటికే. దానికి బదులుగా మంచి జట్టుకు ఇచ్చే బహుమతి సొంత గ్రౌండ్.

వైకింగ్స్‌కు ఎక్కడ దెబ్బ పడింది?

2025 జనవరి 5న లీగ్ దశ చివరి మ్యాచ్. వైకింగ్స్, డెట్రాయిట్ లయన్స్.. రెండు జట్లదీ ఒకే డివిజన్. రెండూ అప్పటికి 14 గెలిచాయి. గెలిచిన జట్టుకు ఏకంగా 1వ సీడ్, వారం విశ్రాంతి, సొంత గ్రౌండ్. ఓడిన జట్టుకు 5వ సీడ్. మధ్యలో ఇంకేమీ లేదు! లయన్స్ 31-9తో గెలిచారు.

దీంతో వైకింగ్స్ 10-7 రికార్డు ఉన్న లాస్ ఏంజెలిస్ ర్యామ్స్ ఇంటికి వెళ్లాల్సి వచ్చింది. ర్యామ్స్ తమ డివిజన్ గెలిచారు కాబట్టి వాళ్లది 4వ సీడ్.

కానీ అసలు ట్విస్ట్ అప్పుడే వచ్చింది. ఆ వారం లాస్ ఏంజెలిస్‌ను కార్చిచ్చు చుట్టుముట్టింది. మ్యాచ్‌ను అక్కడి నుంచి తీసేసి అరిజోనా రాష్ట్రంలోని గ్లెండేల్‌కు మార్చారు. అంటే ర్యామ్స్‌కు పేరుకే అది హోమ్ మ్యాచ్. జట్టు ఏర్పాటు చేసిన బస్సుల్లో కొందరు అభిమానులు వచ్చారు అంతే. ఊరు మంటల్లో ఉంటే ఆటగాళ్ల మనసు ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు.

అయినా జనవరి 13న ర్యామ్స్ 27-9తో గెలిచారు. వైకింగ్స్ క్వార్టర్‌బ్యాక్ శామ్ డార్నాల్డ్‌ను ఏకంగా 9 సార్లు బంతితో సహా పడగొట్టారు. ప్లేఆఫ్స్ చరిత్రలో ఇది రికార్డుతో సమానం.

సొంత గ్రౌండ్ లేకపోయినా 'హోమ్' జట్టు గెలిచింది. మరి ఓటమికి కారణం గ్రౌండ్ అనాలా? ఆట అనాలా? చర్చంతా ఇక్కడే మొదలవుతుంది.

స్టేడియంలో అరుపులు ఏం చేస్తాయి?

క్రికెట్‌లో సొంత గడ్డ అంటే ముందు గుర్తొచ్చేది పిచ్. అమెరికన్ ఫుట్‌బాల్‌లో గ్రౌండ్ కొలతలు అన్నిచోట్లా ఒకటే. మరి తేడా ఎక్కడ?

మొదటిది శబ్దం. ఈ ఆటలో ప్రతి ఎత్తుగడ ఒక పిలుపుతో మొదలవుతుంది. క్వార్టర్‌బ్యాక్ గట్టిగా సంకేతం ఇస్తాడు. ఆ క్షణానికే బంతి వెనక్కి రావాలి, మిగతావాళ్లు కదలాలి. స్టేడియం హోరెత్తితే ఆ పిలుపు పక్కవాడికి కూడా వినిపించదు. ఒక్కడు ముందే కదిలినా 5 యార్డుల పెనాల్టీ.

కోచ్ నుంచి క్వార్టర్‌బ్యాక్ హెల్మెట్‌లోకి రేడియో ఉంటుంది. అది కూడా ప్లే క్లాక్‌లో 15 సెకన్లు మిగిలి ఉండగా ఆగిపోతుంది. ఆ తర్వాత అంతా అరుపుల మీదే నడవాలి. అందుకే బయటి జట్లు ఆ వారమంతా ప్రాక్టీస్‌లో స్పీకర్లు పెట్టుకుని, సైగలతో బంతి అందుకోవడం నేర్చుకుంటాయి.

శబ్దం ఏ స్థాయిలో ఉంటుందంటే.. 2014 సెప్టెంబర్‌లో కాన్సస్ సిటీలోని యారోహెడ్ స్టేడియంలో 142.2 డెసిబెల్స్ నమోదై గిన్నిస్ రికార్డుకు ఎక్కింది. అంతకుముందు సియాటిల్‌లో 137.6 వచ్చింది.

ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటుంది. ఈ హోరు బయటి జట్టు దాడి చేసేటప్పుడే. సొంత జట్టు చేతిలో బంతి ఉంటే జనమే నోరు మూసుకుంటారు. అంటే బయటి జట్టు డిఫెన్స్‌కు శబ్దం వల్ల పెద్ద నష్టం లేదు. ఇది గుర్తుపెట్టుకోండి. చిన్న జట్లు ఎలా గెలుస్తున్నాయో చెప్పే అసలు కీలకం ఇదే.

చలి ఎవరి పక్షం?

రెండోది వాతావరణం. 2024 జనవరి 13 రాత్రి కాన్సస్ సిటీలో మ్యాచ్ మొదలయ్యేసరికి ఉష్ణోగ్రత మైనస్ 20 డిగ్రీల సెల్సియస్. ఇక్కడ అప్పుడు భోగి తెల్లవారుతోంది. మన వీధుల్లో భోగి మంటల చుట్టూ జనం చేరిన వేళ, అక్కడ వెచ్చటి మయామి నుంచి వచ్చిన డాల్ఫిన్స్ గడ్డకట్టే చలిలో ఆడారు. చీఫ్స్ 26-7తో చిత్తు చేశారు. 'చలి గెలిపించింది' అని అందరూ అన్నారు.

మరి 2008 జనవరి 20 సంగతేంటి? గ్రీన్ బే ప్యాకర్స్ సొంత గ్రౌండ్ లాంబో ఫీల్డ్. ఉష్ణోగ్రత దాదాపు మైనస్ 18. అంత చలి ప్యాకర్స్‌కు అలవాటే. అయినా న్యూయార్క్ జెయింట్స్ ఓవర్‌టైమ్‌లో 23-20తో గెలిచారు. అంతకుముందు చివరి క్వార్టర్‌లో రెండు కిక్‌లు మిస్ చేసిన లారెన్స్ టైన్స్, 47 యార్డుల నుంచి కొట్టిన కిక్‌తో మ్యాచ్ ముగించాడు.

అదే లాంబోలో ప్యాకర్స్‌కు సొంత గడ్డపై ప్లేఆఫ్స్‌లో ఓటమే లేదని ఒకప్పుడు గొప్పగా చెప్పుకునేవారు. 2003 జనవరిలో ఆ రికార్డు పోయింది. మంచు పడుతున్న రోజునే, ఇండోర్ స్టేడియం జట్టయిన అట్లాంటా ఫాల్కన్స్ వచ్చి 27-7తో ఓడించి వెళ్లింది.

చలి ఇద్దరికీ చలే. అలవాటు కొంత సాయం చేస్తుంది తప్ప స్కోర్‌బోర్డు మీద పాయింట్లు వేయదు.

కరోనా ఏడాది చెప్పిన నిజం

సొంత గడ్డ బలం ఎంతో తూచడం కష్టం. ఎందుకంటే ప్లేఆఫ్స్‌లో ఇంట్లో ఆడేది సాధారణంగా మంచి జట్టే. అది గెలిస్తే బలం వల్ల గెలిచిందా, గ్రౌండ్ వల్ల గెలిచిందా? రెండూ కలిసిపోయి ఉంటాయి. 'ప్లేఆఫ్స్‌లో హోమ్ జట్లు ఇన్ని శాతం గెలిచాయి' అనే గ్రాఫిక్ చూసినప్పుడు ఈ మాట గుర్తుంచుకోవాలి.

లీగ్ దశలో ఈ సమస్య తక్కువ. అక్కడ ప్రతి జట్టూ ఇంటా బయటా దాదాపు సమానంగా ఆడుతుంది. ఒకప్పుడు లీగ్ దశలో హోమ్ జట్లు సుమారు 57 శాతం మ్యాచ్‌లు గెలిచేవి. గత కొన్నేళ్లలో అది తగ్గుతూ వచ్చింది.

2020లో కరోనా వచ్చింది. స్టేడియాలు ఖాళీ, లేదంటే కొద్దిమందే. ఆ సీజన్‌లో హోమ్ జట్లు 127 గెలిచి 128 ఓడాయి, ఒకటి టై. సొంత గ్రౌండ్ బలం సున్నా అయిపోయింది!

ఆ ఏడాది కప్ ఎవరు కొట్టారో తెలుసా? 5వ సీడ్ టాంపా బే బకనీర్స్. వాషింగ్టన్, న్యూ ఆర్లీన్స్, గ్రీన్ బే.. మూడు ఊళ్లు తిరిగి మూడూ గెలిచారు. టామ్ బ్రేడీ అనుభవం ఉంది, గట్టి డిఫెన్స్ ఉంది. వాటితో పాటు ఎదురుగా హోరెత్తే జనం లేరు. ఇంకో విశేషం.. ఆ ఏడాది సూపర్ బౌల్ వేదిక వాళ్ల సొంత స్టేడియమే. సొంత గ్రౌండ్‌లో సూపర్ బౌల్ ఆడిన మొదటి జట్టు అదే. చీఫ్స్‌ను 31-9తో ఓడించారు.

ఒక్క సీజన్‌తో అంతా తేలిపోదు. కానీ సొంత గడ్డ బలంలో పెద్ద వాటా జనానిదే అనుకోవడానికి ఇంతకన్నా మంచి ఆధారం దొరకదు.

ఓటమే ఎక్కువున్న జట్టు ఇంట్లో ఆడితే?

గ్రౌండ్ బలాన్ని విడిగా చూడటానికి ఇంకో దారి ఉంది. గెలుపుల కన్నా ఓటములే ఎక్కువున్న జట్టు, డివిజన్ విజేత హోదాతో ఇంట్లో ఆడిన మ్యాచ్‌లు చూడాలి. 2010 నుంచి 2024 సీజన్ వరకు ఇలా 4 సార్లు జరిగింది.

- 2010: సియాటిల్ సీహాక్స్ (7-9) ఇంట్లో అప్పటి చాంపియన్ న్యూ ఆర్లీన్స్ సెయింట్స్ (11-5).. సీహాక్స్ 41-36తో గెలుపు.
- 2014: కరోలినా పాంథర్స్ (7-8-1) ఇంట్లో అరిజోనా కార్డినల్స్ (11-5).. పాంథర్స్ 27-16తో గెలుపు.
- 2020: వాషింగ్టన్ (7-9) ఇంట్లో బకనీర్స్ (11-5).. వాషింగ్టన్ 23-31తో ఓటమి.
- 2022: బకనీర్స్ (8-9) ఇంట్లో డాలస్ కౌబాయ్స్ (12-5).. బకనీర్స్ 14-31తో ఓటమి.

నాలుగింట రెండు. బలహీన జట్టు బలమైన జట్టుపై సగం మ్యాచ్‌లు గెలిచిందంటే గ్రౌండ్ పనిచేసినట్టే కదా అనిపిస్తుంది. కానీ నాలుగు మ్యాచ్‌లు చాలా చిన్న లెక్క. పైగా 2014లో కార్డినల్స్ మొదటి ఇద్దరు క్వార్టర్‌బ్యాక్‌లు గాయాలతో లేక మూడోవాడితో ఆడారు.

సియాటిల్ మ్యాచ్ మాత్రం చరిత్రలో నిలిచిపోయింది. మార్షాన్ లించ్ 67 యార్డులు పరుగెత్తి, అడ్డొచ్చినవాళ్లందరినీ తోసుకుంటూ టచ్‌డౌన్ చేశాడు. జనం ఎగిరిన ఎగురుడికి దగ్గర్లోని భూకంప నమోదు కేంద్రంలో ప్రకంపనలు కనిపించాయి. ఆ పరుగుకు 'బీస్ట్ క్వేక్' అని పేరు పడిపోయింది.

చిన్న జట్లు ఎలా గెలుస్తున్నాయి?

ఇప్పుడు రెండో వైపు చూద్దాం. 2024 సీజన్ ముగిసేనాటికి, మూడు ప్లేఆఫ్ మ్యాచ్‌లూ బయటి గ్రౌండ్‌లలో గెలిచి సూపర్ బౌల్ కూడా కొట్టిన జట్లు నాలుగే. 2005లో పిట్స్‌బర్గ్ స్టీలర్స్, 2007లో న్యూయార్క్ జెయింట్స్, 2010లో గ్రీన్ బే ప్యాకర్స్, 2020లో బకనీర్స్.

వీటిలో జెయింట్స్ కథ అన్నిటికన్నా పెద్ద సంచలనం. ఫైనల్లో ఎదురుగా ఉన్నది 18 మ్యాచ్‌లకు 18 గెలిచిన న్యూ ఇంగ్లండ్ పేట్రియాట్స్. ఓటమి అంటే ఏమిటో తెలియని జట్టును జెయింట్స్ 17-14తో ఓడించారు. ఆ రోజు టామ్ బ్రేడీని 5 సార్లు పడగొట్టారు. అటు శామ్ డార్నాల్డ్ అయినా, ఇటు బ్రేడీ అయినా.. క్వార్టర్‌బ్యాక్‌కు ఊపిరాడనివ్వని డిఫెన్స్ ఉన్న జట్టు ఎక్కడైనా ప్రమాదకరమే. ఇందాక చెప్పుకున్నట్టు డిఫెన్స్‌కు జనం అరుపులతో పనిలేదు.

అయితే దీనికీ మినహాయింపు ఉంది. 2022 జనవరిలో సిన్సినాటి బెంగాల్స్ క్వార్టర్‌బ్యాక్ జో బరోను టెన్నెస్సీ టైటాన్స్ కూడా సరిగ్గా 9 సార్లే పడగొట్టింది. కానీ గెలిచింది బెంగాల్స్, 19-16తో. కారణం.. టైటాన్స్ క్వార్టర్‌బ్యాక్ బంతిని మూడుసార్లు ప్రత్యర్థి చేతుల్లో పెట్టాడు.

రెండో ఆయుధం అదే. బంతి లాక్కోవడం. 2025 జనవరి 18న 15-2 రికార్డుతో 1వ సీడ్‌గా ఉన్న లయన్స్ ఇంటికి 6వ సీడ్ వాషింగ్టన్ కమాండర్స్ వచ్చారు. క్వార్టర్‌బ్యాక్ జేడెన్ డేనియల్స్‌కు అదే తొలి సీజన్. డెట్రాయిట్ ఇండోర్ స్టేడియంలో జనం హోరు మామూలుగా లేదు. కానీ లయన్స్ బంతిని 5 సార్లు పోగొట్టుకున్నారు. ఫలితం 45-31.. కమాండర్స్ గెలుపు. రెండు వారాల ముందు వైకింగ్స్‌ను ఓడించి లయన్స్ సంపాదించుకున్న సొంత గ్రౌండ్, ఒక్క రాత్రిలో ఉపయోగం లేకుండా పోయింది.

మూడోది ఒక్క మ్యాచ్ ఆట కావడం. ఎన్‌బీఏ బాస్కెట్‌బాల్‌లో ఏడు మ్యాచ్‌ల సిరీస్ ఉంటుంది. ఒక చెడ్డ రోజును సరిదిద్దుకోవచ్చు. ఇక్కడ ఒక చెడ్డ గంట చాలు. 2022 జనవరిలోనే ప్యాకర్స్ ఇంట్లో శాన్ ఫ్రాన్సిస్కో 49ర్స్ దాడి విభాగం ఒక్క టచ్‌డౌన్ కూడా చేయలేదు. చివర్లో ప్యాకర్స్ కిక్‌ను అడ్డుకుని, ఆ బంతితో టచ్‌డౌన్ కొట్టి, ఆఖరి క్షణంలో ఫీల్డ్ గోల్‌తో 13-10తో గెలిచారు. ఆ వారాంతం రెండు 1వ సీడ్లూ సొంత ఇంట్లోనే ఔట్!

డాలస్ అభిమానులకు మరిచిపోలేని సంక్రాంతి

తెలుగువాళ్లకు బాగా దగ్గరైన ఉదాహరణ కౌబాయ్స్‌దే. డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్‌లలో తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో ఉన్నాయి. కౌబాయ్స్ ప్రధాన కార్యాలయం, ప్రాక్టీస్ కేంద్రం ఫ్రిస్కోలోనే.

2023 సీజన్‌లో కౌబాయ్స్ ఇంట్లో అసలు ఓడలేదు. అంతకుముందు ఏడాదితో కలిపి సొంత గడ్డపై వరసగా 16 విజయాలు. 2024 జనవరి 14న 2వ సీడ్‌గా 7వ సీడ్ ప్యాకర్స్‌ను ఆహ్వానించారు. 7వ సీడ్ అనేది వచ్చినప్పటి నుంచి ఆ స్థానంలోని జట్టు ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. లెక్కలన్నీ ఒకవైపే ఉన్నాయి.

మ్యాచ్ మొదలైంది. ఇక్కడ సంక్రాంతి తెల్లవారుజామున 3 గంటలు. హాఫ్ టైమ్ రాకముందే ప్యాకర్స్ 27-0! కౌబాయ్స్ క్వార్టర్‌బ్యాక్ డాక్ ప్రెస్కాట్ బంతిని రెండుసార్లు ప్రత్యర్థికి అప్పగించాడు, అందులో ఒకటి నేరుగా టచ్‌డౌన్ అయింది. చివరికి 48-32. స్టేడియంలో ముందు నిశ్శబ్దం, తర్వాత సొంత జట్టుపైనే గొణుగుడు. సొంత గడ్డకు ఉన్న ఇంకో ముఖం ఇది. ఆట తిరగబడితే ఇంటి జనమే పెద్ద ఒత్తిడి.

కౌబాయ్స్ చివరిసారి సూపర్ బౌల్ గెలిచింది 1996 జనవరిలో. ఇంట గెలిచి రచ్చ గెలవాలంటారు. వాళ్లకు ఆ రోజు ఇంటే దక్కలేదు.

అసలు లెక్క ఎంత?

చిన్న జట్టు గెలిచే అవకాశం ప్రతి మ్యాచ్‌లో 40 శాతం అనుకుందాం. ఇది ఉదాహరణకు తీసుకున్న అంకె మాత్రమే.

తొలి రౌండ్‌లో 6 మ్యాచ్‌లు. ఆరింటిలో ఒక్క సంచలనమైనా జరిగే అవకాశం ఎంత? ఏదీ జరగకపోవడానికి 0.6ను ఆరుసార్లు గుణించాలి. 5 శాతం కన్నా తక్కువ వస్తుంది. అంటే ఏదో ఒక పెద్ద జట్టు మునగడం 95 శాతం ఖాయం! ఏటా 'సంచలనం' అని హెడ్‌లైన్ రావడంలో నిజానికి సంచలనమేమీ లేదు.

కానీ ఒకే చిన్న జట్టు వరసగా మూడు బయటి మ్యాచ్‌లు గెలవాలంటే? 0.4ను మూడుసార్లు గుణిస్తే 6.4 శాతం. సూపర్ బౌల్ ఫిఫ్టీ ఫిఫ్టీ అనుకుంటే కప్ అవకాశం 3.2 శాతం. ఒక్కో జట్టుకు ఇది చాలా తక్కువ. ఏటా అలాంటి జట్లు ఆరు ఉంటాయి కాబట్టి, అన్నీ కలిపితే సుమారు 19 శాతం. ఐదేళ్లకు ఒకసారి అన్నమాట. 2005 నుంచి 2024 వరకు 20 సీజన్లలో వైల్డ్ కార్డ్ జట్లు కప్ కొట్టింది 4 సార్లు. 2020కి ముందు ఏటా నాలుగే వైల్డ్ కార్డ్ జట్లు ఉండేవి కాబట్టి ఇది సరిగ్గా సరిపోల్చదగ్గ లెక్క కాదు. కానీ ఏ స్థాయిలో ఉందో అర్థమవుతుంది.

ఈ రెండు లెక్కల మధ్య తేడానే బెట్టింగ్ యాప్‌లు వాడుకుంటాయి. 'ఈ వారం సంచలనం ఖాయం' అన్నది నిజమే. ఏ మ్యాచ్‌లో అన్నదే ఎవరికీ తెలియదు. తెలంగాణలో 2017 నుంచి, ఏపీలో 2020 నుంచి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలపై నిషేధ చట్టాలు ఉన్నాయన్నది కూడా గుర్తుంచుకోవాలి. ఆట చూడండి, జేబు జాగ్రత్త.

హైదరాబాద్ అభిమానులకు ఇలాంటి అద్భుతం కొత్తేం కాదు. 2016 ఐపీఎల్‌లో సన్‌రైజర్స్ లీగ్ దశలో మూడో స్థానంలో నిలిచారు. ఎలిమినేటర్, రెండో క్వాలిఫైయర్ గెలిచి, ఫైనల్లో బెంగళూరును వాళ్ల చిన్నస్వామి స్టేడియంలోనే 8 పరుగులతో ఓడించారు. సరిగ్గా వైల్డ్ కార్డ్ దారి అదే.

రూల్ మార్చాలా?

మళ్లీ మొదటికొద్దాం. 14 గెలిచిన వైకింగ్స్ బయటికి, 10 గెలిచిన ర్యామ్స్ ఇంట్లో.. ఇది న్యాయమేనా?

దీన్ని మార్చాలని ప్రతిపాదించింది వైకింగ్స్ కాదు, ఆ రూల్‌తో లాభపడ్డ లయన్సే! మెరుగైన రికార్డు ఉన్న వైల్డ్ కార్డ్ జట్టును డివిజన్ విజేత కన్నా పై సీడ్‌లో పెట్టాలని 2025లో లీగ్ ముందుంచారు. రూల్ మారాలంటే 32 మంది ఓనర్లలో 24 మంది ఒప్పుకోవాలి. అంత మద్దతు కనిపించలేదు. మే నెలలో ప్రతిపాదనను వెనక్కి తీసుకున్నారు.

వద్దన్నవాళ్ల వాదనలోనూ పస ఉంది. ప్రతి జట్టూ 17లో 6 మ్యాచ్‌లు సొంత డివిజన్ జట్లతోనే ఆడుతుంది. ఒక డివిజన్ గట్టిది, ఇంకోటి తేలిక. అందరూ ఒకే షెడ్యూల్ ఆడనప్పుడు గెలుపుల సంఖ్య ఒక్కటే కొలమానం ఎలా అవుతుంది? పైగా డివిజన్ గెలిస్తే ఇంట్లో మ్యాచ్ అనే బహుమతి లేకపోతే, దశాబ్దాల నాటి ఊరి పోటీలకు విలువేం ఉంటుంది?

మార్చాలన్నవాళ్ల మాట కూడా సూటిగానే ఉంది. ఓటములే ఎక్కువున్న జట్టు ఇంట్లో కూర్చుని, 11, 12 గెలిచిన జట్టును రప్పించుకోవడం ఏ లెక్కన న్యాయం? ఇంట్లో ఒక్క ప్లేఆఫ్ మ్యాచ్ అంటే ఆ ఊరి హోటళ్లు, పార్కింగ్, చిన్న వ్యాపారాలకు కూడా ఓ పండగే. 14 మ్యాచ్‌లు గెలిపించిన అభిమానులకు ఆ పండగ దక్కలేదు.

మధ్యేమార్గం కూడా ఉంది. డివిజన్ విజేతకు ప్లేఆఫ్స్‌లో చోటు గ్యారంటీ ఇవ్వాలి. మ్యాచ్ ఎవరి ఇంట్లో అన్నది మాత్రం గెలుపుల సంఖ్యే తేల్చాలి. అప్పుడు డివిజన్ గౌరవమూ ఉంటుంది, సీజన్ కష్టానికి ఫలితమూ ఉంటుంది. లీగ్ దశలో చివరి వారం మ్యాచ్‌లకు కూడా విలువ పెరుగుతుంది.

మ్యాచ్ చూసేటప్పుడు ఇవి గమనించండి

1. తొలి 10 నిమిషాల్లో బయటి జట్టు ఎన్నిసార్లు ముందే కదిలి పెనాల్టీ ఇచ్చింది? ఎక్కువైతే శబ్దం పనిచేస్తున్నట్టే.
2. హోమ్ జట్టు క్వార్టర్‌బ్యాక్‌కు బంతి విసిరే టైమ్ దొరుకుతోందా? దొరకకపోతే సొంత గడ్డ కాపాడలేదు.
3. బంతి ఎవరు పోగొట్టుకుంటున్నారు? లయన్స్, కౌబాయ్స్ ఇద్దరినీ ముంచింది ఇదే.
4. మూడో క్వార్టర్‌లో జనం అరుస్తున్నారా, మౌనంగా ఉన్నారా? స్కోర్ చూడకుండానే పరిస్థితి తెలిసిపోతుంది.

మొత్తంగా చూస్తే సొంత గ్రౌండ్ ఒక సాయం మాత్రమే, గ్యారంటీ కాదు. దాని బలం చాలావరకు జనంలో ఉంది, ఆ జనాన్ని నోరు మూయించడం బయటి జట్టు చేతిలో ఉంది. పాట్రిక్ మహోమ్స్ ఉన్న చీఫ్స్ 2023 సీజన్‌లో చేసింది కూడా అదే. 3వ సీడ్‌గా బఫెలో వెళ్లి 27-24తో, బాల్టిమోర్ వెళ్లి 17-10తో గెలిచారు. సూపర్ బౌల్‌లోనూ అంచనాలు 49ర్స్ వైపే ఉన్నా 25-22తో ఓవర్‌టైమ్‌లో కప్ ఎత్తారు.

వైకింగ్స్ విషయంలో మాత్రం ఒక ప్రశ్న అలాగే మిగిలింది. ఆ మ్యాచ్ మిన్నియాపొలిస్‌లో, వాళ్ల జనం మధ్య జరిగి ఉంటే 9 సార్లు పడిన డార్నాల్డ్ అన్నిసార్లు పడేవాడా? సమాధానం దొరకదు. కానీ 14 గెలిచిన జట్టుకు ఆ అవకాశం ఒక్కసారైనా ఇచ్చి చూడాల్సిందన్న మాట మాత్రం మిన్నెసోటాలో ఇప్పట్లో ఆగేలా లేదు.